దామోదరం రంగుకాగితం

దామోదరానికి ఉన్నది ఒకటే పిచ్చి. తడిగా కనబడిన ప్రతిదాంట్లోనూ పులుపు చూసే రంగుకాగితం ముంచుతాడు. పుదుచ్చేరి బజారులో ఆయనది మందులకూ తినుబండారాలకూ వాడే రసాయనాల అంగడి. పెళ్లిచూపుల కాఫీలో ముంచాడు, గుళ్లో తీర్థంలో ముంచాడు. కాగితం ఎర్రబడితే ఆయన మొహం వెలిగిపోతుంది, పచ్చబడితే ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుంటాడు. సరుకు మీద మాట పడనివ్వడు. “పొడి పాతదా బావా?” అని అడిగిన పాపానికి బావమరిదితో రెండేళ్లు మాట్లాడలేదు.

ఒర్లియంపేట తాయారమ్మకు ఆయనతోనే పని పడింది. సారం పేటలోని తమిళరసి అంగడికి ఆమె వేసిన వెల్లుల్లి ఊరగాయ బూజు పట్టి తిరిగొచ్చింది. ఇంకొక్కసారి వేస్తానని బతిమాలినా తమిళరసి ఊ అనలేదు. ఆ అంగడి పోతే తాయారమ్మకు వేరే ఆధారం లేదు.

“అన్నా, బూజు పట్టకుండా ఏసే పొడి, ఆ సోడియం బెంజోయేట్, ఈసారి రెండింతలియ్యి.”

“ఊరగాయ యాడ?”

గిన్నె చూపించింది. ముంచాడు. కాగితం ఎర్రబడలేదు.

“పోయినసారి నిమ్మకాయ ఊరగాయకని గదమ్మా తీసకపోయినావు?”

“దీంట్లో ఏసినా. ఏమైతాది?”

“పులుపు లేనిచోట ఈ పొడి నిద్రపోతాది. మూటెడు పోసినా లేవదు. నిమ్మరసం పిండు. కాగితం ఎర్రబడినాక కిలోకి పావు గ్రాము. అంతకుమించి నేనియ్యను.”

“నా చేతికి పులుపు తెలీదంటావా?” అని తాయారమ్మ విసవిసా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తమిళరసి ఆమెకు ఫోన్ చేసి ముప్పై సీసాలు తెమ్మంది. మర్నాడు పొద్దున్నే దామోదరం సంచెడు నిమ్మకాయలతో తాయారమ్మ వాకిట్లో దిగాడు. దగ్గరుండి నిమ్మరసం పిండించి, ప్రతి సీసాలోనూ కాగితం ముంచాడు. మధ్యలో ఖాళీ దొరికితే కుళాయి నీళ్లలోనూ, పక్కింటి జయలక్ష్మమ్మ చారులోనూ ముంచాడు.

నెల గడిచినా ఒక్క సీసాకూ బూజు రాలేదు.

“మొదట మీ సరుకే వద్దనుకున్నానక్కా,” అంది తమిళరసి. “దామోదరం సారొచ్చి, ‘తప్పు ఆమె చేతిది కాదు, నా పొడే పాతది’ అన్నారు. అందుకే మళ్లీ చేయమన్నా.”

తాయారమ్మకు సిగ్గూ నవ్వూ కలిసొచ్చాయి. ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని నేరుగా ఆయన అంగడికి వెళ్లింది.

“నీ పొడి పాతదంట గదన్నా.”

“ఎవరన్నది?” దామోదరం కుర్చీలోంచి లేచాడు.

“నువ్వే.”

ఆయన మెల్లగా కూర్చున్నాడు. ఆమె గ్లాసులో కాఫీ పోసి ముందుకు జరిపింది.

“ముందు ముంచన్నా, ఆమీద తాగుదువు.”

ముంచాడు. కాగితం పచ్చబడింది.

“పులుపు లేదమ్మా,” అని దిగులుగా చెప్పి, చుక్క మిగల్చకుండా తాగేశాడు.