గాలిలో ఆగిన చెయ్యి

2012లో శంషాబాద్ దగ్గరి ఒక యానిమేషన్ స్టూడియోలో స్టోరీబోర్డ్ సూపర్‌వైజర్‌గా చేరాను. యానిమేషన్ మొదలయ్యే ముందు కథను షాట్ల వారీగా గీసిపెట్టే బొమ్మల వరసే స్టోరీబోర్డ్. చేరగానే ఒక చైనా ఫాంటసీ సీరియల్ నా చేతికొచ్చింది.

అందులో నదీదేవత కూతురిని ఒక పడవవాడు పెంచుతాడు. ఆకాశలోకం వాళ్లు ఆ పిల్లను తీసుకుపోతారు. ఏడ్చి ఏడ్చి అతనికి చూపు పోతుంది. ఏళ్ల తర్వాత ఆమె పెద్దదై తిరిగొస్తుంది. ఆ కలయికను నేనే గీశాను: మెరుపులు, రాలే పూలు, కళ్ల నిండా నీళ్లు. చైనా దర్శకుడు రెండుసార్లు తిప్పి పంపాడు. బొమ్మలు బాగున్నాయనీ, ముసలాయన పోగొట్టుకున్నదేమిటో కనబడటం లేదనీ దుబాసీ చెప్పాడు. మూడోసారీ కుదరకపోతే ఎపిసోడ్ వేరే స్టూడియోకు పోతుంది.

లావణ్య మా దగ్గర క్లీనప్ ఆర్టిస్టు. మేం గీసిన చిత్తు గీతలను శుభ్రంగా తిరిగి గీయడం ఆమె పని. కథ గురించి మాట్లాడే హోదా కాదు. బోర్డు తిరిగిస్తూ నిలబడిపోయింది.

"సార్, గిట్ల ఏడ్వరు. మా బాపుకు చూపు పోయినప్పుడు నేను చిన్నగ ఉంటి. ఇప్పటికీ ఇంటికి పోతే ఆయన చెయ్యి ముందుగాల నా నడుం కాడికే వస్తది."

షాట్ నిడివి తెలియాలి కదా అని ఆదివారం స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని మహేశ్వరంలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నాడు. లావణ్య దగ్గరికెళ్లి "బాపూ" అంది. చెయ్యి చాచాడు. చిన్నపిల్ల తల ఉండాల్సిన ఎత్తులో అది ఆగి, గాలిని తడిమింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతి కిందికి తల తెచ్చింది.

"పెద్దగైనవని నాకెరుకనే బిడ్డా. ఈ చెయ్యికే ఎరుకైతలేదు" అని నవ్వాడాయన.

నేను స్టాప్‌వాచ్ నొక్కనే లేదు.

మర్నాడు మెరుపులూ పూలూ కన్నీళ్లూ తీసేసి పడవవాడికి ఆ చెయ్యి గీశాం. గాలిలో రెండు సెకన్లు ఆపాను. "ఇంకా జర ఆపున్రి సార్" అంది లావణ్య. మూడు చేశాను, అంటే సెకనుకు ఇరవై నాలుగు చొప్పున డెబ్బై రెండు ఫ్రేములు. దర్శకుడు ఒక్క మార్పూ లేకుండా ఒప్పుకున్నాడు. ఎవరి ఆలోచనో అడిగితే ఆమె పేరే చెప్పాను. కొన్నాళ్లకు ఆమె స్టోరీబోర్డ్ విభాగంలోకి మారింది.

పాత్ర ఎంత ఏడ్చిందో చూపితే చాలదని నాకు అప్పుడే తెలిసింది. ఏమి లేకుండా పోయిందో చూపాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా బోర్డు సమీక్షల్లో క్లీనప్ వాళ్లను కూడా కూర్చోబెట్టాను.