ఏడవని తమ్ముడు

నా చిన్నప్పుడు నన్ను ఒక చోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. ఖిల్లా ఘణపూర్‌లో గుట్ట కిందే మా ఇల్లు. నీళ్ళకు పంపితే బిందె అక్కడే వదిలేసి ఉడుత వెంట గుట్ట మీది కోట వైపు ఎక్కిపోయేదాన్ని. బళ్ళో పలక ఇస్తే సగం అక్షరం రాసి కిటికీలోంచి దూకేదాన్ని. ఇవాళ మా మనవడికి డాక్టరమ్మ అదేదో శ్రద్ధ నిలవని సమస్య అని పేరు పెట్టి చెప్పింది. నాకైతే ఆ రోజుల్లో దొరికిన పేరు ఒక్కటే, కోతి.

తమ్ముడు పుట్టాక నా పని మరీ అధ్వాన్నమైంది. వాడు ఏడవడు, కళ్ళు తెరవడు, పడుకోబెట్టిన చోటే పడి ఉంటాడు. మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, వచ్చినవాళ్ళందరికీ వాణ్ణి మురిపెంగా చూపించేది. "బుద్ధిమంతుడు, తల్లిని జర గూడ సతాయిస్తలేడు" అనేది. ఆ వెంటనే నా వైపు చూసి నిట్టూర్చేది. అప్పట్లో మా వైపు తల్లికి మొదట వచ్చే ముర్రుపాలు పిండి పారబోసి, బిడ్డకు గుడ్డ ముంచి చక్కెర నీళ్ళు చీకించేవారు. అవ్వ కూడా అదే చేసింది. ప్రేమ లేక కాదు, తన పిల్లలందరినీ అలాగే పెంచింది కనుక.

నాకు వాత పెట్టించాలని తేల్చింది కూడా అవ్వే. పసుపుకొమ్ము కాల్చి నుదుటి మీద పెడితే నిలకడ వస్తుందని నమ్మకం. అమావాస్యకు పక్కూరికి తీసుకుపోవాలనుకున్నారు. నాయిన కాదనలేదు. పచ్చి బాలింత మా అమ్మ, మంచం మీద నుంచే కళ్ళు తుడుచుకుంది. ఆ మాట విన్నప్పటి నుంచి నేను నుదురు తడుముకుంటూ తిరిగాను. భయానికి ఇంకా ఎక్కువ పరుగెత్తేదాన్ని.

అమావాస్య ముందు రోజు పిల్లలకు టీకాలు వేయడానికి నర్సమ్మ బస్సు దిగింది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. బడి అరుగు మీద సామాను సర్దుకుంటూ, చుట్టూ గిరగిరా తిరుగుతున్న నన్ను చూసి కసరలేదు. నా మణికట్టు మెత్తగా పట్టుకుంది.

"బిడ్డా, ఒక్క పని జెప్త. ఆ చింతచెట్టు కాడి ఇంటికి పోయి బాలింతను తోల్కరా. నేను ఏం జెప్పిన్నో మళ్ళ నాకు జెప్పు."

చెప్పాను. పరుగెత్తాను. ఆవిడను వెంటబెట్టుకునే తిరిగొచ్చాను. నర్సమ్మ అందరూ వినేలా శభాష్ అని అరిచి, మళ్ళీ మణికట్టు పట్టుకుని ఇంకో ఇల్లు చెప్పింది. ఒకేసారి రెండు పనులు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మధ్యాహ్నానికి ఊళ్ళోని తల్లులంతా అరుగు ముందు ఉన్నారు. నేను మొదలుపెట్టిన పని ముగించడం మా ఊరు చూడటం అదే మొదలు. ఎంత గర్వంగా అనిపించిందో!

ఆ ఊపులో నా నోరు కూడా ఆగలేదు. ఉడుత సంగతి, వాత సంగతి కలగలిపి చెప్పేస్తున్నాను. ఇంట్లో నా వాగుడు వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నర్సమ్మ మాత్రం సూదులు సర్దుకుంటూనే వింటోంది.

"మా తమ్ముడే మంచోడంట. ఏడ్వనే ఏడ్వడు. అమ్మ పాలిచ్చినా నోరు తెరువడు" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఏందీ? పాలు తాగుతలేడా? నడువు బిడ్డా, మీ ఇల్లు సూపియ్యి" అంది. నాకు నడవడం రాదు కదా, పరుగెత్తాను. అంత మనిషీ నా వెనకే పరుగెత్తింది.

ఇంట్లోకి వస్తూనే తమ్ముడి అరికాలి మీద వేలితో తట్టింది. వాడు కిక్కురుమనలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. వాణ్ణి అమ్మ గుండెలకు ఆనించి, ఇద్దరినీ కలిపి దుప్పటి చుట్టింది.

"అవ్వా, బుద్ధి ఉండి గాదు గిట్ల పన్నది. ఏడ్వనీకె పానంల సత్తువ లేదు. జల్ది దవాఖానకు తోల్కపోవాలె."

నాయిన రోడ్డెక్కి పల్లికాయ బస్తాల లారీకి అడ్డం నిలబడ్డాడు. తమ్ముణ్ణి పొదువుకుని అమ్మా నాయినా ఎక్కారు, నర్సమ్మ కూడా వాళ్ళతో పాటు వనపర్తి ఆసుపత్రికి ఎక్కింది. ఇంట్లో అవ్వ, నేను మిగిలాం. అమావాస్య వచ్చింది, పోయింది. వాత మాట ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు తమ్ముడు ఇల్లు చేరాడు, వీధంతా వినబడేలా ఏడుస్తూ. ఆ ఏడుపు వింటూ అవ్వ వాత కోసం దాచిపెట్టిన పసుపుకొమ్ము తీసి రోట్లో దంచింది. నా ముఖానికి పూసి తలంటు పోసింది. "ఉరుకు నా బంగారం. నిన్ను ఎవరు ఆపుతరో నేను జూస్త" అంది.

ఆ తమ్ముడు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటాడు. ఫోన్‌లో మాట్లాడితే చెవికి దూరంగా పట్టుకోవాలి, అంత గొంతు. నేను మా మనవడి మణికట్టు పట్టుకుని ఒక్క పనే చెప్తాను, మళ్ళీ వాడితో చెప్పించుకుంటాను. డాక్టరమ్మ కూడా అలాగే చేయమంటే నాకు నవ్వొచ్చింది. ఏ ఇంట్లో బాలింతను చూడబోయినా, "మా పాప ఎంత నెమ్మదో, అలికిడే ఉండదు" అంటే చాలు, ఇప్పటికీ నాకు కాలు నిలవదు. చేతులు కడుక్కుని వచ్చి ఆ చిన్న అరికాలి మీద వేలితో మెల్లగా తడతాను. కేరుమని ఏడుపు వినబడాలి. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే, బుద్ధిగా కూర్చుంటాను.