ఒక్కపొద్దు నాడు కాఫీ ఎక్కడిది?

రాయదుర్గంలో ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తాను. నిరుడు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతుంటే, నాతో పనిచేసే యాదమ్మ డబ్బాలో కూర పంచినట్టే తనకు డాక్టర్ రాసిన మాత్రలు నాకూ పంచింది. మూడో రోజుకల్లా లేడిపిల్లలా పరుగెత్తాను! ఎప్పుడో మానిన నా కడుపుపుండు సంగతే గుర్తు రాలేదు.

అలా రోజూ మింగుతుండగా, ఒక సోమవారం ఆఫీసులో కళ్లు తిరిగి, వాష్‌రూమ్‌లో భళ్లున వాంతి చేసుకున్నాను. నల్లగా, కాఫీ మడ్డిలా ఉంది.

"తాగిన కాఫీ పడలేదేమో, కాసేపు కూర్చోండి" అన్నాడు సూపర్‌వైజర్.

యాదమ్మ కెవ్వుమంది. "దీనికి ఇయ్యాల ఒక్కపొద్దు సార్! పొద్దుగాల సంది నీళ్లు తప్ప ఏం ముట్టలే. కాఫీ ఏడికెళ్లొస్తది?"

నన్ను ఆటోలో దవాఖానకు ఉరికించారు.

"అది రక్తమమ్మా!" అన్నారు డాక్టర్, నా సంచిలోని మాత్రలు చూసి. "ఒకటి స్టెరాయిడ్, ఇంకొకటి నొప్పి మాత్ర. పాత పుండు ఉన్నవాళ్లు ఈ రెండూ కలిపి వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఎవరు రాశారు?"

యాదమ్మ బావురుమంది.

మాత్రలిచ్చిందీ తనే, నన్ను బతికించిందీ తనే. ఇప్పటికీ ఒకే డబ్బాలో తింటాం. మందులా? అమ్మో, ఎవరి చీటీ వాళ్లదే!

– సుగుణ, కొండాపూర్