పియానో ఇచ్చిన శ్రుతి

ఒడెస్సా ప్రూయిట్ ఇరవై తొమ్మిదేళ్లుగా మోబీల్ నగరంలోని లాంగ్‌డన్ కళల బడిలో పియానో వాయిస్తోంది. అది సర్కారు బడి. ఫీజు లేదు, ఏ పేట పిల్లలైనా చేరొచ్చు. కాకపోతే పాటో, నాట్యమో, బొమ్మలు గీయడమో వచ్చి ఉండాలి, ఫిబ్రవరిలో పెట్టే పరీక్షలో నెగ్గాలి. ఒక్కో సీటుకి ముప్ఫై మంది ఎగబడతారు.

పాట పరీక్షకి అక్కడో పద్ధతుంది. ఫలానావారి పిల్ల అనే మొహమాటం రాకుండా, మార్కులు వేసేవాళ్లు నల్ల తెర వెనక కూర్చుంటారు. వాళ్లకి నంబరే తప్ప పేరు తెలియదు, మొహం కనబడదు. తెరకి ఇవతల పిల్లతో ఉండేది ఒడెస్సా ఒక్కతే. పిల్ల పరుగెడితే పియానో పరుగెత్తాలి, పిల్ల తడబడితే ఆగాలి. ఆ పనిలో ఆవిడని మించినవాళ్లు లేరు. చేతులు వణికే పిల్లలకి పిప్పరమెంటు బిళ్ల ఇచ్చి, నువ్వు పాడమ్మా, నీ వెనకాలే నేనొస్తా అనేది. ఓడల యార్డులో పనిచేసే మొగుడు పోయినప్పుడు కూడా నాలుగు రోజులే సెలవు పెట్టింది. మిస్ ఒడెస్సా చేతిమీదుగా పైకొచ్చాం అని చెప్పుకునేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఆ మాట చెవిన పడితే ఇప్పుడు ఆవిడ తల దించుకుంటుంది.

ఒక ఏడాది ఆవిడ మనవరాలు టెరీస్ కూడా పరీక్షకొచ్చింది, పన్నెండో నంబరుతో. ఆ పిల్ల వంతుకి వేరే ఆయన వాయించాడు. సొంతవాళ్లకి వాయించకూడదన్న నియమం దాంతో తీరిపోయిందని ఒడెస్సా అనుకుంది. మనకి కావలసినట్టు అనుకోవడం ఎంతసేపు! మధ్యాహ్నం భోజనాల దగ్గర తెర వెనకవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. పాటకి ఇంక ఒక్క సీటే మిగిలిందట. ఇంతకంటే బాగా పాడేవాళ్లు రాకపోతే అది పన్నెండో నంబరుకే.

మూడింటికి నలభై ఒకటో నంబరు వచ్చింది. పధ్నాలుగేళ్ల సన్నటి పిల్ల, అక్క బూట్లేమో, నడుస్తుంటే మడమల దగ్గర జారుతున్నాయి. చేతిలో స్వరాల కాగితం లేదు.

"ఏ శ్రుతిలో పాడతావమ్మా?" అంది ఒడెస్సా.

"నాకు తెలీదు మేడం. కోల్ క్రీక్‌లో మా చర్చికి పియానో లేదు. మా తాత అందుకుంటాడు, మేం పాడతాం." అని, పియానో మీదికి వంగి, తెరవాళ్లకి వినబడనంత సన్నగా పాట ఎత్తుగడ కూనిరాగం తీసి చూపించింది.

ఆ నాలుగు స్వరాలకే ఒడెస్సా ఒళ్లు ఝల్లుమంది. ఈ పిల్ల నోరు విప్పితే టెరీస్ సీటు పోయినట్టే. పిల్ల కూనిరాగం తీసిన చోటు ఆవిడ చెవికి స్పష్టంగా తెలుసు. వేళ్లు మాత్రం అంతకు రెండు మెట్లు పైన పడ్డాయి. చెయ్యి జారిందని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా లాభం లేకపోయింది. చెయ్యి జారలేదు.

పియానోతో ఎప్పుడూ పాడని పిల్ల. తాత గొంతుని నమ్మినట్టే పియానోనీ నమ్మింది. మొదటి చరణం లాక్కొచ్చింది. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. ఒకసారి మొదలుపెట్టాక మళ్లీ మొదలుపెట్టనివ్వరు. తెర వెనకనుంచి థాంక్యూ అని వినబడింది.

బయటికి పోతూ ఆ పిల్ల ఆగింది. "సారీ మేడం. మీరు అంత బాగా వాయించారు, నేనే పాడుచేశా" అంది.

టెరీస్‌కి సీటు వచ్చింది. ఇంట్లో కేకు కోశారు. ఒడెస్సా తన ముక్క టెరీస్ పళ్లెంలో పెట్టేసింది. సిగ్గు. అరవై ఏడేళ్ల వయసులో ఒక పసిదాన్ని వెనకనుంచి తోసేసిన సిగ్గు. తర్వాత టెరీస్ ఇంట్లో సాధన చేస్తున్నప్పుడల్లా ఆవిడ పెరట్లోకి వెళ్లిపోయేది. బళ్లో చెబుదామని ప్రిన్సిపల్ గది గుమ్మందాకా రెండుసార్లు వెళ్లి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చేసింది.

ఏడు నెలలు అలా గడిచాక, సెప్టెంబరులో ఒక ఆదివారం కారు తీసుకుని కోల్ క్రీక్ వెళ్లింది. ముందు ఆ పిల్లకి చెప్పాలి, మర్నాడు ప్రిన్సిపల్‌కి చెప్పాలి, ఆ తర్వాత ఉద్యోగం ఏమైనా సరే అనుకుంది. చిన్న చెక్క చర్చి. ఆ పిల్ల తాతే కాబోలు, ముసలాయన పాట అందుకున్నాడు, జనమంతా కలిశారు. ఆ పిల్ల మాత్రం ఆయన పక్కనే నోరు మూసుకుని నిలబడి ఉంది.

ఆరాధన అయ్యాక వెనక చేపలు వేయిస్తున్నారు. పిల్ల కాగితపు పళ్లేలు సర్దుతోంది. పేరు అప్పుడడిగి తెలుసుకుంది ఒడెస్సా. వెర్నీస్ అట.

"వెర్నీస్, ఆ రోజు తప్పు నీది కాదు. నువ్వు చూపించిన శ్రుతి నేను విన్నాను. విని కూడా కావాలనే పైకి పెంచాను. ఆ సీటు నా మనవరాలికి రావాలని" అంది.

తిట్లకి, చెంపదెబ్బకి కూడా సిద్ధపడే వచ్చింది. మనవరాలెవరని గానీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని గానీ వెర్నీస్ అడగలేదు. చేతిలో పళ్లేలు బల్లమీద పెట్టేసింది.

"అయితే నా గొంతు బానే ఉందా మేడం?" అంది.