తోడేలుకు ఏ గొట్టం

మర్రిగూడ వైపు ఒక చిన్న చెరువుకు, నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడి కట్టించే పని మీద నన్ను పంపినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఓవర్సీరు పరీక్ష పాసై ఏడాది కూడా కాలేదు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అక్కడున్న పదకొండు నెలల్లో పనికి సంబంధం లేని మాటలు నాతో మాట్లాడింది ఇద్దరే. ఒకరు ఆ ఊరి పోలీసు పటేలు, బాగా ముసలాయన. రెండోవాడు ఒక గొర్రెల కాపరి.

నాకు చావడి పక్కన ఒక గది ఇచ్చారు. నేను వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నేను దాటిపోయేదాకా వాళ్ళ మాట ఆగిపోయేది. మాది మగ్గం ఇల్లు. పుట్టినప్పటి నుంచి పొద్దంతా మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు, బాపు దగ్గు, కండెలు చుట్టే అవ్వ సణుగుడు వింటూ పెరిగినవాణ్ణి. ఇల్లంటే చప్పుడని అనుకునేవాణ్ణి. సాయంత్రం పని ఆగిన తర్వాత చేయగల పనుల జాబితా ఒకసారి రాసుకున్నాను: కందిలి గాజు తుడవటం, కొలతల పుస్తకం సరిచూడటం, అంగీ ఉతకటం, బాపుకు ఉత్తరం. నాలుగూ కలిపినా గంటన్నర దాటలేదు.

కాపరి తనంతట తానే వచ్చాడు. ఎండిన చెరువులో గొర్రెల్ని మేపుతూ, మత్తడి ఎంత ఎత్తు కడతారని అడిగాడు. చెప్పాను. మరునాడు మళ్ళీ వచ్చి, ఆ ఎత్తుకు నీళ్ళు ఏ రాయి దాకా నిలుస్తాయని అడిగాడు. అదీ చూపించాను. తాగే ఫ్లోరైడు నీళ్ళ వల్ల ఆ ఊళ్ళో చాలామందికి అయినట్టే అతనికీ మెడ కట్టెబారింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నన్ను చూడటానికి అట్లా గొంగడితో సహా తిరిగి కూర్చునేవాడు. మొదట్లో ‘మీరు’ అన్నాడు. నెల తిరక్కుండానే అది ‘నువ్వు’ అయింది. ఆ రోజు నేను అన్నం కొంచెం ఎక్కువ తిన్నాను. నేను అతన్ని కాకా అని పిలిచేవాణ్ణి.

చలికాలం మొదట్లో తోడేలు పడింది. పొద్దు గూకే ముందు, మంద గుట్ట దిగి చెరువులోకి వచ్చే వేళకు తుమ్మ చెట్ల వెనక నుంచి వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోయేది. ఇరవై రోజుల్లో నాలుగు పిల్లలు పోయాయి. కాపరికి ఒక్కటే కుక్క, గోధుమ రంగుది, చెవి చిరిగింది. అది తరిమేది గాని ఒంటరిగా తోడేలును ఆపలేదు. అమ్రాబాద్ అడవుల్లో అతని బావమరిది మంద ఉంది, దానితో నాలుగు కుక్కలున్నాయి. ఇంకో రెండు పిల్లలు పోతే తానూ అటే తోలుకుపోతానని చెప్పాడు. మామూలుగా చెప్పిన మాటే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోడేలు పోతే మంద ఉంటుంది. మంద ఉంటే సాయంత్రం నాతో మాట్లాడే మనిషి ఉంటాడు. నా లెక్క అంతే.

ఊళ్ళో తుపాకి ఉన్నది పటేలు దగ్గరే. పన్నెండో నంబరు బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు. ఆయన కళ్ళకు పొరలు కమ్మి మూడేళ్ళయింది. తన ఎదుట పేలిస్తే ఫికర్ లేదని, పక్కనే కూర్చుంటానని చెప్పాడు. నేను అంతకు ముందు తుపాకి ముట్టినవాణ్ణి కాదు. గొట్టాలను కిందికి వంచి తెరిచి లోపలికి చూసి, పనిముట్ల పెట్టెలోంచి కాలిపర్ తెచ్చి రెండు మూతుల్నీ కొలిచాను. కుడి గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు. ఎడమ గొట్టం మూతి దగ్గర పిసరంత బిగించి ఉంది. ఆ బిగింపునే చోక్ అంటారు. తూటాలోని సీసపు రవ్వలు బిగిసిన మూతిలోంచి వస్తే గుంపుగా దూరం పోతాయి, సాదా మూతిలోంచి వస్తే తొందరగా విచ్చుకుంటాయి. ముందు మీట నొక్కితే కుడి గొట్టం, వెనక మీట నొక్కితే ఎడమ గొట్టం పేలుతుంది. వేటగాడు ఎంచుకోవాల్సింది ఆ క్షణంలో ఏ మీట నొక్కాలనేదే.

పటేలు ఇదంతా ముప్పై ఏళ్ళు చేతి అలవాటుతో చేసినవాడు. నాకు మాత్రం కొలత కావాలి. రెండు తడికల మీద పాత పత్రికలు గంజితో అతికించాను. గంజి పని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్చుకున్నది. ముప్పై అంగుళాల వృత్తం గీసి, ఇరవై, ముప్పై, నలభై గజాల దూరం నుంచి ఒక్కో గొట్టంతో ఒక్కో తూటా కాల్చాను. ఆరు తూటాలు, ఆరు కాగితాలు. ప్రతి చిల్లు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి లెక్కపెట్టాను. ఇరవై గజాల దగ్గర ఎడమ గొట్టం రవ్వలన్నీ పిడికెడు జాగాలో కుమ్మరించింది. కొంచెం గురి తప్పితే ఒక్క రవ్వ కూడా తగలదు. నలభై దగ్గర కుడి గొట్టం సగం రవ్వల్ని వృత్తం బయట పారేసింది. కాబట్టి ముప్పై గజాల లోపల కుడి, ముప్పై దాటితే ఎడమ. ఆ మాట నోటుపుస్తకంలో రాసి కింద గీత గీశాను.

కాగితం చప్పుడు విని పటేలు నవ్వాడు. ఆయన పళ్ళు ఎర్రమట్టి రంగులో ఉండేవి. “గిదంత చదువుకోనే వస్తదా సారూ తోడేలు?” అన్నాడు. ఆ కాగితాలు చేత్తో తడుముతూ మాత్రం చాలాసేపు కూర్చున్నాడు. ఏ కాగితం ఏ గొట్టానిదో వేళ్ళతోనే చెప్పాడు.

తోడేలు ఎంత దూరంలో ఉందో మసక వెలుతురులో కంటితో తేల్చలేనని నాకు తెలుసు. అందుకని కట్ట కింద నేను కూర్చునే చోటి నుంచి గొలుసు పట్టి, పది గజాలకొక రాయి పెట్టించి సున్నం కొట్టాను. మూడు వరుసలు, వరుసకు నాలుగు రాళ్ళు. సర్వే పనిలో అలవాటైన పద్ధతే. ఆ సాయంత్రం నుంచి పటేలూ నేనూ అక్కడ కూర్చున్నాం.

తోడేలు రాలేదు. మరునాడూ రాలేదు. పన్నెండు రోజులు రాలేదు.

ఆ పన్నెండు రోజులే నేను అక్కడ బతికిన మంచి రోజులు. పటేలు పాతకాలం వేటల గురించి చెప్పేవాడు. కాపరి గొంగడి పరిచి, కాల్చిన జొన్న కంకులు ముగ్గురికీ పంచేవాడు. మేం కూర్చుని ముచ్చట్లాడుకుంటున్నామని తెలిసి మేస్త్రీలు కూడా ఒకటి రెండు సార్లు వచ్చి నిలబడ్డారు. పదమూడో రోజు కాపరి రాళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు.

“దానికి నీ బందూకు ఎరుక లేదు సారూ. గా తెల్లరాళ్ళను జూసి బెదురుతాంది. కొత్తది ఏది కనబడ్డా తోడేలు దగ్గర్కి రాదు. గట్లనే ఉండనియ్యి. మంద ఈడనే ఉంటది.”

పటేలు కూడా నిజమేనన్నాడు. పొలంలో కొత్త గుడ్డపేలిక వేలాడినా తోడేలు నెల దాకా అటు రాదట.

నాకు కావలసింది దొరికింది. తోడేలు లేదు, మంద ఉంది, సాయంత్రాలున్నాయి. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నోటుపుస్తకంలో నేను గీత గీసిన మాట ఇంకా పరీక్షకు రాలేదు. ఆరు కాగితాల లెక్క సరైనదో కాదో ఒక్క తోడేలు మీద తేలిపోతుంది. అదీగాక దాన్ని చంపితే ఆ ఊరు నన్ను వేరుగా చూస్తుందని, అరుగు మీదివాళ్ళు లేవకుండా ‘దా, కూసో’ అంటారని ఊహించుకున్నాను. రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు తెల్లవారుజామున ఒక్కణ్ణే వెళ్ళి పన్నెండు రాళ్ళనూ బోర్లించి, సున్నం పడ్డ నేల మీద మట్టి చల్లాను. దూరాలు నాకు కంఠతా వచ్చేశాయి, ఇక గుర్తులెందుకని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగో సాయంత్రం తోడేలు వచ్చింది.

మంద గుట్ట దిగుతోంది. తుమ్మల్లోంచి బూడిదరంగు కదిలింది. గొర్రెలు ఒక్కసారి విడిపోయాయి. అది ఒక పిల్లను మెడ పట్టి ఎత్తబోయి, మనిషి వాసనకో ఏమో వదిలేసి, నా ముందు నుంచే అడ్డంగా పరుగెత్తింది. వరుసలో రెండో రాయి కంటే కొంచెం అవతల. ఇరవై ఐదు గజాలు. నేను తప్పు లెక్క వేయలేదు. ముప్పై లోపల కుడి గొట్టం. ముందు మీట నొక్కాను.

తోడేలు పక్కనే, దాని భుజానికి రెండు మూరల వెనక, కుక్క ఉంది. నేను చూశాను. చూడలేదని చెప్పలేను. కానీ నా చూపుడు వేలు కాగితం చెప్పినట్టు చేసింది. కాగితం మీది లెక్కలో తోడేలు ఒక్కటే ఉండేది. విచ్చుకున్న రవ్వలు కొన్ని దానికి తగిలాయి, కుంటుతూ గుట్ట ఎక్కి పోయింది. మిగతావి కుక్క మెడలోకి, పొట్టలోకి వెళ్ళాయి. ఎడమ గొట్టమైతే కుక్క ఒక్కటే మిగిలేది, లేదా గురి తప్పి రెండూ మిగిలేవి.

“తగిలిందా?” అని పటేలు అడిగాడు. చెవి పెట్టి విని, ఆయనే నా చేతిలోంచి తుపాకి తీసుకున్నాడు.

కాపరి వచ్చి కుక్క తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. అది పోవడానికి ఎంతో సేపు పట్టలేదు. గొంగడి కొసతో దాని మూతి తుడిచి, పార ఉందా అని అడిగాడు. పార తెచ్చి గుంత నేనే తవ్వాను. రాతినేల. మోకాలి లోతుకు మించి దిగలేదు.

కుక్క లేకుండా మంద నిలవదు. మూడో రోజు పొద్దున్నే అతను అమ్రాబాద్ దారి పట్టాడు. ఊరి పొలిమేర దాకా నేనూ వెంట నడిచాను. అక్కడ ఆగి, ఆ రాళ్ళు బోర్లించింది నేనేనని చెప్పాను. అతను మొత్తం తిరిగి నా వైపు చూశాడు.

“ఎరుకే సారూ. నువ్వు బోర్లించిన పొద్దుగాలనే చూసిన.”

“మరి అడగలేదేంది కాకా?”

“ఏమడుగుత? ఒక్కనివే ఉంటున్నవు. గా బందూకు పట్టుకోని కూసుంటే నీ మొకం జర మంచిగుండె.” కర్ర భుజానికి మార్చుకున్నాడు. “పోనీ అనుకున్న.”

ఒక గొర్రె చేలోకి పోబోతుంటే దాన్ని మళ్ళించడానికి నోటితో చప్పుడు చేశాడు. తర్వాత వెనక్కి చూడలేదు. చూడాలంటే అతను ఆగి తిరగాలి. దుమ్ము పలచబడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. కూలీలు ఎనిమిదింటికి వస్తారు. అప్పటికింకా గంటన్నర ఉంది.