తాత చెప్పుల దగ్గర నిలబడిన తాబేలు

మా చిన్నప్పుడు తొలకరి పడిందంటే ఇంట్లో చెప్పులన్నీ చూరులోకి ఎక్కేవి... కింద వదిలితే మా తాబేలు వాటిని బతకనిచ్చేది కాదు.

మాది కురబలకోట దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. ఒక ఎండాకాలం గుట్టమీద బోదగడ్డికి నిప్పంటుకున్నప్పుడు, వీపు ఒకపక్క కాలిన చిన్న తాబేలును తాత కంబళిలో చుట్టుకొచ్చాడు. పసుపూ ఆముదమూ పూసి బతికించాడు. నల్లటి డిప్పమీద పసుప్పచ్చ నక్షత్రాలు... అలాంటివాటిని ఇంట్లో పెంచడం చట్టప్రకారం నేరమని అప్పుడు మాకెవరికీ తెలియదు.

పెరట్లో దానికి దొడ్డి కట్టిందీ తాతే. పొద్దుటెండ పడే చోట, నీళ్ళు నిలవకుండా గరుసుమట్టి పోసి ఎత్తు చేశాడు. చుట్టూ సందు లేకుండా రాతిబండలు నాటాడు. "దీనికి బయట కనపడితే సాలు, పొద్దంతా ఆడే గీరతా ఉంటాది" అనేవాడు. ఒక మూల బోదగడ్డి కప్పు వేశాడు. మేతకు తోటకూర, నాగజెముడు, మదనపల్లె మార్కెట్టులో ఏరి పారేసిన టమోటాలు...

పెద్దదయ్యాక అది మగదని తెలిసింది. వానలు రాగానే మదమెక్కేది. మేత మానేసి బండల్నీ, చెంబుల్నీ, చెప్పుల్నీ డిప్పతో గుద్దేది. వాటిమీదికి ఎక్కబోయేది. వేళగాని వేళ గొర్రెలమీదికి పోకుండా మావాళ్ళు పొట్టేలు పొట్టకింద గోనెపట్టా కడతారు. "దీనికి గోనె యాడ కట్టేదప్పా" అని తాత నవ్వేవాడు. చెప్పులు దాచేసి, దొడ్డిలో గడ్డిమోపు ఒకటి పడేసేవాడు... ఎంత గుద్దినా దెబ్బ తగలకుండా. వానలు వెళ్ళిపోతే దాని పొగరూ తగ్గేది.

ఒక వేసవిలో తాత పోయాడు.

ఆయన తోలు చెప్పులు పంచలో రాతిస్తంభం పక్కన, విడిచినవి విడిచినట్టే ఉండిపోయాయి. అవ్వ వాటిని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఊడ్చేటప్పుడు కూడా అమ్మ వాటి చుట్టూ చీపురు తిప్పుకుని పోయేది.

ఆ ఏడు తొలకరికి దొడ్డిని చూసుకునేవాళ్ళు లేరు. ఒక బండ ఒరిగింది. తాబేలు మెల్లగా పంచలోకి వచ్చి, తాత చెప్పుల్ని గుద్దడం మొదలుపెట్టింది...

అవ్వ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సూడండి... ఆయప్పను లేపతాండాది."

ఆ మాట ఊరంతా పాకింది. ఆడవాళ్ళు వచ్చి చూసి కళ్ళు తుడుచుకుని పోయేవాళ్ళు. అది వానాకాలం మదమేనని అమ్మా నాయనా లోపల గుసగుసలాడుకున్నారు. అవ్వ మాత్రం తాత పోయాక మొదటిసారి కడుపునిండా సంగటి తినింది.

కానీ తాబేలు తినడం లేదు. చెప్పుల్ని గుద్దీ గుద్దీ వెనకున్న స్తంభానికి కొట్టుకుని, మెడకింద డిప్ప చిట్లింది. నెత్తురు కారుతోంది. నాయన దాన్ని దొడ్డిలో వేసి బండ సరిచేసినా లాభం లేకపోయింది. చెప్పుల వాసన తెలిసిన దిక్కుకే పోయి బండను గుద్దేది. చివరికి నాయన చెప్పులు తీసి అటకమీద పెట్టాడు.

"యాల తీసినావప్పా?" అని ఒక్క మాట అడిగి, అవ్వ గిన్నె పక్కకు తోసేసింది. ఆపూట తినలేదు. మరుసటి రోజూ తినలేదు.

తిరిగి పెట్టేయమని అమ్మ బతిమాలింది. "పెడితే అది సస్తాది... తీస్తే మాయమ్మ సస్తాది. నన్నేం సేయమంటావు?" అన్నాడు నాయన.

నేనే సంగటి గిన్నె తీసుకుని అవ్వ దగ్గరికి పోయాను. తెలిసీ తెలియని వయసు... "అవ్వా, అది తాత కోసం కాదంట. మదమంట" అనేశాను.

అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "నాకు తెలీదా పాపా. గొర్రెల మందలో పుట్టి పెరిగినదాన్ని. మదమెక్కిన పొట్టేలు మొద్దును గూడా పొడస్తాది... అయినా, ఈ ఇంట్లో అందరూ ఆ సెప్పుల్ని దాటుకోని పోతాండారు. అది ఒగటే వాటికాడ నిలబడతాండాది."

నాకు ఏడుపొచ్చింది. అవ్వకు రాలేదు. గిన్నె అందుకుని రెండు ముద్దలు తినింది.

మరునాడు పొద్దున్నే నాయనతో చెప్పులు దించమంది. నీళ్ళతో కడిగి, తన కాళ్ళకు తొడుక్కుంది. తాత పాదాలు పెద్దవి. అవ్వ అడుగేస్తే చెప్పు వెనకబడేది. తాబేలును గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని గుట్టకు నడిచింది.

వానకు బోద పచ్చగా లేచి ఉంది. అవ్వ గంప దించి, దాని గాయంమీద పసుపు అద్దింది. "పోప్పా. నీకు తోడు ఈడుండాది. మాయింట్లో లేదు" అంది.

అది వెనక్కి తిరిగి చూసిందా అని ఈ కథ విన్నవాళ్ళంతా అడుగుతారు. చూడలేదు. తల బయటపెట్టి, గాలి పీల్చి, గడ్డిలోకి పోయింది. అవ్వ ఆ గడ్డి కదలడం ఆగేదాకా నిలబడింది.

ఆ రోజునుంచి అవ్వ ఆ చెప్పులతోనే గొర్రెల వెనక తిరిగింది. అరిగి అరిగి వార్లు తెగిపోయేదాకా...

ఇప్పుడు నేను కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న తెలిసినవాళ్ళింట్లో గాజుపెట్టెలో ఒక విదేశీ తాబేలు గాజును గుద్దుతుంటే, ఆడుకుంటోందని వీడియో తీస్తున్నారు. ఎండా మట్టీ ఉండే చోట, బయట కనపడకుండా గోడ కట్టించి పెట్టమని చెప్పాను. వింటారో లేదో...

చెప్పులు విడిచే పంచలు ఇప్పుడు మా ఇళ్ళకు లేవు. అవ్వ కూడా లేదు. ఆమె నంబరు మాత్రం నా ఫోనులో ఇంకా అలాగే ఉంది... చెరపడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మీ ఇంట్లో అలా విడిచినచోటే ఉండిపోయిన వస్తువు ఏది? దాన్ని చివరికి ఎవరు కదిపారు?