మా మేనత్తకి అర్థం కాలేదు

మా మేనత్తకి ఈ లోకంలో ఏదీ ఒక్కసారి చెబితే అర్థమయ్యేది కాదు. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అన్న మాట ఆమె నోటివెంట రాలేదంటే, నోట్లో థర్మామీటర్ ఉందన్నమాటే.

ఆ థర్మామీటర్ పెట్టిన డాక్టరూ తప్పించుకోలేదు. బీపీ అంటే ఏమిటో ఆయన చెప్పాడు. అర్థం కాలేదంది. గుండె బొమ్మ గీశాడు. అర్థం కాలేదంది. చివరికి కుర్చీలోంచి లేచి, ఒక రబ్బరు గొట్టాన్ని నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూపించాడు. బయట వరసలో కూర్చున్న రోగులంతా తలుపు దగ్గర గుమిగూడి విన్నారు. "ఇన్నేళ్ళుగా మాత్రలు రాస్తున్నాను గానీ, ఇంత వివరంగా ఎవరికీ చెప్పలేదమ్మా" అని ఆయన చెమట తుడుచుకున్నాడు.

అలాంటి మనిషి నా క్లాసులో చేరింది.

మా ఊళ్ళో బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు మూతపడింది. అందులో పనిచేసినవాళ్ళకి సోలార్ ప్యానెళ్ళు బిగించడం నేర్పడానికి ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ మాస్టర్ని నేను. అత్తయ్య ఆ ప్లాంటు స్టోర్సులో పనిచేసేది కాబట్టి తనూ వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఇంట్లో నన్ను "ఒరేయ్" అంటుంది, క్లాసులో "సార్" అంటుంది. ఆ "సార్" వినబడిందంటే నేను బోర్డు తుడిచి మళ్ళీ మొదలెట్టేవాణ్ణి.

"ప్యానెళ్ళని సిరీస్‌లో కలిపితే వోల్టేజి పెరుగుతుంది..."

"అర్థం కాలేదు సార్."

"మనుషులు ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కారనుకోండి, ఎత్తు పెరుగుతుంది. అది సిరీస్. పక్కపక్కన నిలబడితే వెడల్పు పెరుగుతుంది. అది ప్యారలల్. ఎత్తు వోల్టేజి, వెడల్పు కరెంటు. సరేనా?"

"ఇప్పుడు బాగుంది. ఇంకోసారి చెప్పండి."

"బాగుందన్నావు కదా అత్తయ్యా!"

"క్లాసులో అత్తయ్యేమిటి సార్?"

కుర్రకారు పడీ పడీ నవ్వేవారు. వెనక బెంచీల్లో మాత్రం నవ్వు ఉండేది కాదు. అక్కడ బాయిలర్ దగ్గర తలలు నెరిసినవాళ్ళు కూర్చునేవారు. భారీ మనుషులు. ఇరుకు బెంచీల్లో ఒదిగి, చేతులు కట్టుకుని, బోర్డు వంక కోపంగా చూసేవారు. వాళ్ళలో అందరికంటే పెద్దవాణ్ణి పెద్దాయన అనేవాళ్ళం. ఆయన నోటివెంట ఒక్క ప్రశ్న వస్తే ఒట్టు.

అత్తయ్య పుణ్యమా అని పాఠాలు నత్తనడక నడిచాయి. ఆ కబురు పైకి పోయి, ఒకరోజు హెడ్డాఫీసునుంచి అధికారి దిగాడు. క్లాసు మధ్యలోకి వచ్చి, అందరి ఎదుటా నాతో అన్నాడు.

"వయసు మళ్ళినవాళ్ళవల్లే ఆలస్యమవుతోంది. వాళ్ళని ఇళ్ళకి పంపించెయ్యండి. కుర్రాళ్ళతో నడుపుదాం."

వెనక బెంచీల్లో పెద్దాయన సంచీ అందుకుని సగం లేచాడు. నేను నోరు తెరిచేలోపే ముందు బెంచీలోంచి ఆ మాట వినబడింది.

"అర్థం కాలేదు."

"అదేనమ్మా... ఒక వయసు దాటాక కొత్తవి తలకెక్కవు."

"ఎవరి తలకి?"

"సాధారణంగా చెబుతున్నాను."

"సాధారణంగా అంటే ఎవరండీ? ఈ గదిలో ఉన్నారా? చూపించండి."

అధికారి వెనక్కి చూశాడు. బాయిలర్ మనుషులంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయన వేలు ఎవరివైపూ లేవలేదు.

"మీకీ సోలార్ సంగతులన్నీ ఎప్పుడు తెలిశాయండీ?" అంది అత్తయ్య.

"ఈమధ్యే. ట్రైనింగిచ్చారు."

"ఆ జుట్టుకి రంగు వెయ్యడం మొదలెట్టాకా, ముందా?"

నేను డస్టర్ కింద పడేసి, దాన్ని వెతుక్కునే నెపంతో బల్లకింద దూరి నవ్వుకున్నాను.

అత్తయ్య లేచి నిలబడింది. "పొగ ఆపారు, మంచి పనే. గాలి బాగుపడాలన్నారు, అదీ మంచిదే. పాత మిషన్లని తుక్కు కింద అమ్మేశారు. మమ్మల్నీ ఆ తుక్కులో పడేస్తామంటే మాత్రం అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కూర్చుంది. పెద్దాయన కూడా సంచీ కింద పెట్టి, బెంచీ కిర్రుమనేలా కూర్చున్నాడు. "మాకూ అర్థం కాలేదు" అన్నాడు. అదే ఆ క్లాసులో ఆయన మొదటిమాట.

ఎటూ తేల్చుకోలేక అధికారి పరీక్ష పెట్టాడు. ఎవరికివారు డాబామీద ప్యానెళ్ళు బిగించి, దీపం వెలిగించాలి. వెలిగించలేనివాళ్ళు ఇంటికి.

పరీక్షరోజున ఎండలో అందరూ స్పానర్లు పట్టారు. అందరికంటే ముందు అత్తయ్య దీపం వెలిగింది. అధికారి నోరు తెరిచాడు, నేనూ తెరిచాను. తర్వాత పెద్దాయన దీపం, ఆ పక్కవాళ్ళవీ, బాయిలర్ మనుషులందరివీ వెలిగాయి. ఒక కుర్రాడిది వెలక్కపోతే పెద్దాయనే వెళ్ళి వదులైన తీగ బిగించి వచ్చాడు. అధికారి చేసేదేం లేక అందరితో చేతులు కలిపి కారెక్కాడు.

డాబామీద అత్తయ్యని నిలదీశాను. "ఇంత బాగా వచ్చినదానివి, రోజూ అర్థం కాలేదని నా ప్రాణం ఎందుకు తీశావు?"

"నాకు కాలేదని ఎప్పుడైనా అన్నానట్రా? అర్థం కాలేదన్నాను. ఎవరికని నువ్వెప్పుడైనా అడిగావా?"

ఆమె పెద్దాయన వైపు కళ్ళతోనే చూపించింది.

"నువ్వు బోర్డు వైపు తిరిగి చెప్పుకుపోతావు. నేను వెనక్కి తిరిగి మొహాలు చూస్తాను. పిల్లల ముందు తెలియదని అడగాలంటే వాళ్ళకి ప్రాణం పోతుంది. నాకేం పోతుంది, ఉన్న పేరేగా?"

తర్వాతి వారం క్లాసులో ఇన్వర్టర్ గురించి రెండు మాటలు చెప్పానో లేదో, వెనకనుంచి పెద్దాయన చెయ్యెత్తాడు. ఆ వెనకే ఇంకో నాలుగు చేతులు లేచాయి. పాఠం ఒక్క అంగుళం కదల్లేదు. నాకు చిరాకు వేయాల్సింది, ఎందుకో వేయలేదు.

ముందు బెంచీ మాత్రం ఖాళీగా ఉంది. కంగారుపడి విరామంలో ఫోన్ చేశాను.

"ఏమైంది అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉన్నాను. పక్క వీధిలో పాత ఫ్రిజ్‌లు బాగుచెయ్యడం నేర్పుతున్నార్రా, అందులో చేరాను. అక్కడి మాస్టారు చాలా సంతోషంగా ఉన్నాడు."

"ఎందుకు?"

"ఇంతవరకూ ఆయన్ని ఒక్కరూ ఏమీ అడగలేదట, క్లాసు చాలా నిశ్శబ్దంగా ఉంటుందట!"